ముసాఫిరుకు మూడు రోజులు
(సంఘ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక ఉర్దూ మీడియం ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



ఏటేటా ఈ సభలో మాకు విద్య గురించి మాట్లాడమని పని అప్పజెప్తారు. మేము అవే నాలుగు మాటలు చెప్తాము, మీరు అంతే ఓపికగా వింటారు, తర్వాత భోజనాలకు లేస్తారు. ఈసారి కార్యదర్శిగారు దయతలచి "మాస్టర్ సాబ్, మీ ఇష్టమొచ్చిన సంగతి చెప్పండి గాని ఇరవై నిముషాలు దాటొద్దు" అన్నారు. ఉర్దూలోనైతే మాకు నోరు బాగా తిరుగుతుంది. అయితే సావనీరు తెలుగులో వస్తుంది, మన పిల్లల్లో సగం మందికి ఉర్దూ అక్షరాలు రావు. కాబట్టి తెలుగులోనే చెప్తాము. తప్పు దొర్లితే మన్నించండి.

మన సభ్యుల్లో ఒక భాయి ఉన్నారు, స్టూడియోల్లో సెట్టింగుల వడ్రంగం చేస్తారు. పేరు చెప్పొద్దన్నారు, చెప్పము. ఒకసారి ఆయన మమ్మల్ని ఫిల్మ్‌నగర్‌లో ఒక ఫ్లోరుకు తీసుకుపోయి తాము కట్టిన సెట్టు చూపించారు. పల్లెటూరి సత్రం. పెంకుటిల్లు, అరుగు, అరుగు మీద నులక మంచం, వాకిట్లో గిలక బావి. దూరం నుంచి చూస్తే అచ్చం పాత సత్రమే. దగ్గరికి పోయి గోడ మీద చెయ్యి వేస్తే ప్లైవుడ్డు. బావిలోకి తొంగి చూస్తే అడుగున సిమెంటు నేల. కథలో ఒక పరదేశి రాత్రిపూట ఆ సత్రానికి వస్తాడట, సత్రం యజమాని అతన్ని కన్నబిడ్డలా చూసుకుంటాడట. "నాలుగు రోజుల షూటింగు మాస్టర్ సాబ్, ఐదో రోజు పీకేస్తాం" అన్నారు ఆయన.

ఫ్లోరు బయటికి వచ్చి చాయ్ తాగుతుంటే మాకు ఒక సంగతి తట్టింది. ఆ సెట్టు ఉన్న చోటికి రెండు మూడు కిలోమీటర్లలో షేక్‌పేటలో అసలు సరాయి ఒకటి ఉన్నది. ప్లైవుడ్డు కాదు, రాయీ సున్నమూ. కుతుబ్ షాహీల కాలం నాటిది. రెండు అంతస్తులు, వరసగా కమానులు, ముప్ఫై దాకా గదులు, గుర్రాలూ ఒంటెలూ కట్టే చోటు, ఆవరణలో మసీదు, ఒక సమాధి. పరదేశులు నిజంగా వచ్చి పడుకున్న చోటు. దాన్ని ఎవరూ నాలుగు రోజుల్లో పీకలేదు, మూడు నాలుగు వందల ఏండ్లు ఎండకూ వానకూ వదిలేశారు, అంతే. ఈ సభలో ఉన్నవాళ్ళలో దాని లోపలికి పోయి చూసినవాళ్ళు ఎందరో చేతులెత్తమని అడుగుదామనుకున్నాము. అడగము. ఎందుకంటే ఇరవై ఏండ్లు ఆ దారినే బడికి పోయి వచ్చి, మేము కూడా చూడలేదు. మాకు దాన్ని చూపించింది ఒక విదేశీయుడు. ఆయన కథ చెప్పాలనే ఈ రోజు నిలబడ్డాము.

అంతకు ముందు పాతకాలం సంగతి కొంచెం. గోల్కొండ అంటే వజ్రాలు, వజ్రాలంటే వ్యాపారులు. వ్యాపారులు వస్తే వాళ్ళకు పడక కావాలి, పశువులకు మేత కావాలి. కార్వాన్ అనే పేట పేరు మనం రోజూ పలుకుతాము, ఆ మాటకు బిడారు అని అర్థమని ఎందరికి గుర్తు? పురానాపూల్ అవతల మియాఁ ముష్క్ మసీదు ఆవరణలో సరాయి ఉన్నది. హయత్‌నగర్‌లో 1672 నాటి హయాత్ బక్షీ బేగం మసీదు చుట్టూ నూటికి పైగా గదులు కట్టారు, పక్కనే పెద్ద బావి తవ్వించారు. నమాజుకు చోటు, పక్కన నీళ్ళు, చుట్టూ పడక గదులు. ఊరి పొలిమేరలో వచ్చేవాడికి ముందుగా ఇవి కనపడేట్టు చేశారు. అంగడి ఆ తర్వాతే.

ఆ రోజుల్లో తవెర్నియే అనే ఫ్రెంచి రత్నాల వ్యాపారి చాలాసార్లు గోల్కొండకు వచ్చాడు. 1676లో పారిస్‌లో అచ్చయిన ఆయన పుస్తకం ఇంగ్లీషు అనువాదం అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో కూర్చుని చదివాము. మన నగరం శివార్లలో రెండు మూడు అందమైన మసీదులు పరదేశులకు సరాయిలుగా కూడా పనికివచ్చేవని రాశాడు. హిందూస్థాన్‌లో ప్రయాణం చేసే పద్ధతిని కూడా వివరంగా రాశాడు. సరాయికి చేరగానే అక్కడి ఆడవాళ్ళూ మగవాళ్ళూ పిండి, బియ్యం, నెయ్యి, కూరగాయలు తెచ్చి అమ్మేవారట, రొట్టె చేసి అన్నం వండిపెట్టేవారట, బాటసారి కోరుకున్న గది ఊడ్చి నులక మంచం వేసేవారట. పరుపు మాత్రం బాటసారే మోసుకు రావాలి. ఇదంతా చదువుతుంటే పెద్ద మర్యాదలేమీ కనిపించవు. ఊడ్చిన నేల, ఒక మంచం, వేడి రొట్టె. దారినపడి వచ్చినవాడికి కావలసింది అంతే.

ఆయనే ఇంకొకటి రాశాడు. భాగ్‌నగర్ దర్వాజా దగ్గర పరదేశిని ఆపి, ఉప్పుగాని పొగాకుగాని దాచి తెస్తున్నాడేమోనని మూటలన్నీ వెతికేవారట. ఆ రెండింటి మీదే రాజుగారికి పెద్ద రాబడి. లోపలికి రావడానికి ఒక్కోసారి ఒకటి రెండు రోజులు బయటే కాచుకోవలసి వచ్చేదట. మర్యాద ఒక చేత్తో, తనిఖీ ఒక చేత్తో. ఇప్పుడు ఉప్పు వెతకరు, పాస్‌పోర్టు చూస్తారు.

మన తెలుగువాళ్ళకూ ఈ సంగతులు కొత్త కాదు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830లో కాశీయాత్రకు బయలుదేరి మన హైదరాబాదు మీదుగానే పోయారు. ఏ మజిలీలో నీళ్ళు మంచివి, ఎక్కడ దుకాణాలున్నాయి, ఎక్కడ దిగడానికి చోటున్నది, అన్నీ తెలుగులో రాసుకున్నారు, తర్వాత పోయేవాళ్ళకు పనికివస్తుందని. మజిలీ అనే ఆ మాట మన మంజిలే. అరబ్బీలో పుట్టి, ఫారసీ, ఉర్దూల మీదుగా వచ్చి తెలుగులో స్థిరపడిపోయింది. మాటలకు దొరికినంత సులువుగా మనుషులకు బస దొరకదు మరి.

ఇక మా పరదేశి సంగతి. 2022 చలికాలం. మగ్రిబ్ నమాజు అయి బయటికి వస్తుంటే మసీదు మెట్ల దగ్గర ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. పొడుగ్గా, నల్లగా, తెల్లటి పొడుగు జుబ్బా, తలకు తెల్ల గుడ్డ చుట్టుకొని. పక్కన రెండు పెట్టెలు, ఒక సంచీ. మాకు సలాము చెప్పి, కొంత అరబ్బీ కొంత ఇంగ్లీషు కలిపి అడిగారు. సూడాన్ దేశం, ఓందుర్మాన్ నగరం. భార్యకు గుండె వైద్యం కోసం వచ్చారు. ఆమె ఆసుపత్రిలో ఉన్నది. తాను దిగిన గది వాళ్ళు ఒప్పుకున్న అద్దె కంటే ఎక్కువ అడిగి, ఇవ్వలేనంటే ఖాళీ చేయమన్నారు. దగ్గర్లో ఒక గది ఎక్కడైనా దొరుకుతుందా అని.

మేమేం చేశామో దాచకుండా చెప్తాము. మరుసటి రోజు బళ్ళో అర్ధ సంవత్సర పరీక్షలు. ఇంట్లో రెండు గదులు, అందులో మా అమ్మీ, పిల్లలు. మనసులో ఇవన్నీ లెక్కవేసుకొని, టోలీచౌకీ వైపు అద్దె గదులు చూపించే ఒక బ్రోకరు ఫోను నంబరు కాగితం మీద రాసిచ్చి, ఆటో మాట్లాడి ఎక్కించాము. ఆటోకు డబ్బులు కూడా ఆయనే ఇచ్చుకున్నారు. ఇంటికి పోయి భోంచేశాము. మా అమ్మీ అడిగింది: "ఆలస్యమైందేందిరా?" సంగతి చెప్పాము. ఆమె ముద్ద నోట్లో పెట్టుకోబోతూ ఆపింది. "ఆయన తిన్నడా?" అన్నది. మేము అడగలేదు. "నువ్వు పిల్లలకు ఏం చెప్తవురా బళ్ళో?" అన్నది, అంతే. ఆ తర్వాత ఆ రాత్రి మాతో మాట్లాడలేదు.

దారి బిడ్డ అని అర్థం వచ్చే మాట ఒకటి ఖురాన్ షరీఫ్‌లో ఉన్నది, ఇబ్నుస్సబీల్. జకాతు చెందవలసిన ఎనిమిది వర్గాల్లో బాటసారి ఒక వర్గం. ఇంట్లో ఎంత ఆస్తి ఉన్నా, దారిలో చేయి ఖాళీ అయినవాడు అప్పటికి హక్కుదారే. అతిథికి మూడు రోజుల ఆదరణ హక్కు అని, ఆ పైన చేసేది సదఖా అని, అతిథి కూడా ఇంటివాళ్ళకు ఇబ్బంది కలిగేదాకా ఉండిపోరాదని హదీసులో ఉన్నది. ఇవన్నీ మేము ప్రతి ఏడాది ఏడో తరగతికి చెప్తాము, పరీక్షలో అడుగుతాము, సరిగ్గా రాసినవాడికి మార్కులు వేస్తాము. ఆ రోజు మమ్మల్ని అడిగిన ప్రశ్న అదే, మాకు సున్నా.

నాలుగో రోజు జుమా నమాజులో ఆయన మళ్ళీ కనిపించారు. మేము తప్పించుకుపోదామనే చూశాము. ఆయనే వచ్చి చేయి పట్టుకున్నారు. గది దొరికిందట, మీరు ఇచ్చిన కాగితం వల్లనే దొరికింది, అల్లాహ్ మీకు మేలు చేయుగాక అని దువా చేసి, ఇప్పుడే తన గదికి రావాలని పట్టుబట్టారు. మెట్లెక్కి మూడో అంతస్తు. ఒకటే గది, నేల మీద చాప, మూల గ్యాస్ స్టవ్వు. సంచీలోంచి ఒక మట్టి కూజా లాంటిది తీశారు. కడుపు గుండ్రంగా, మెడ సన్నగా పొడుగ్గా ఉంటుంది. జబనా అంటారట దాన్ని. కాఫీ గింజలు అప్పటికప్పుడు వేయించి, దంచి, శొంఠి కలిపి కాచి, ఆ జబనాలో పోసి, చిన్న చిన్న కప్పుల్లో వంచి ఇచ్చారు. ఒకటి అయిపోగానే ఇంకొకటి. తర్వాత ఉడకబెట్టి మెదిపిన గింజల కూర, మన చిక్కుడు గింజల్లాగే ఉన్నది, పైన నూనె, పక్కన రొట్టె. ఒకే పళ్ళెంలో ఇద్దరం తిన్నాము. దేశం కాని దేశంలో, భార్య ఆసుపత్రిలో ఉండగా, తనకు బస చూపించనివాడికి ఆయన విందు చేశారు. ముద్ద గొంతులో అడ్డం పడినట్టైంది.

తింటూ తమ ఊరి సంగతి చెప్పారు. రమజాన్‌లో వాళ్ళ పల్లెల్లో మగవాళ్ళు ఇళ్ళల్లో ఇఫ్తార్ చేయరట. పళ్ళేలు ఎత్తుకొని పెద్దరోడ్డు పక్కకు వచ్చి చాపలు పరుస్తారు. పొద్దు వాలే వేళకు ఆ రోడ్డు మీద పోయే బస్సులకూ లారీలకూ అడ్డంగా నిలబడి ఆపుతారు. దిగి నాలుగు ముద్దలు తిననిదే పోనివ్వరు. "మా ఊళ్ళో బస్సులు ఆపేది దొంగలు కాదు, ఇఫ్తార్ పెట్టేవాళ్ళు" అని నవ్వారు. మన దగ్గరా రమజాన్‌లో హలీమ్ బట్టీలు రోడ్ల మీదికే వస్తాయి, ట్రాఫిక్ ఆగుతుంది. అయితే అది వేరే లెక్క, అక్కడ ముందు టోకెన్ తీసుకోవాలి.

ఆ తర్వాత ఆయనతో సావాసం కుదిరింది. మా బేగం ఆసుపత్రికి టిఫిను పంపేది. ఒకనాడు ఆయన షేక్‌పేట రోడ్డు మీద నడిచి వస్తూ ఒక పాత కట్టడం చూశారట. "ఉస్తాద్, ఆ కమానుల ఇల్లు ఏమిటి?" అని అడిగారు. సరాయి అన్నాము. "లోపల ఎట్లా ఉంటుంది?" మాకు తెలియదు. ఇరవై ఏండ్లుగా అక్కడే పాఠాలు చెప్పేవాడికి తెలియదా అన్నట్టు చూశారు, ఏమీ అనలేదు. ఆదివారం ఇద్దరం పోయాము. గోడల పగుళ్ళలో రావి మొలకలు, నేలంతా ముళ్ళకంప, మూలమూలనా చెత్త. ఆయన జుబ్బా పైకి పట్టుకొని ఒక్కొక్క గది ముందూ ఆగారు. ఒక గదిలోకి పోయి గోడలోని గూడు మీద వేళ్ళు పెట్టారు. దీపం పెట్టే గూడు. "ఎవడో నాలాంటివాడు ఇక్కడ దీపం పెట్టుకున్నాడు" అన్నారు. పైన కొత్త ఫ్లైఓవర్, 2022 జనవరిలో తెరిచినది, దాని మీద బండ్లు ఆగకుండా పోతున్నాయి.

అక్కడే ఆయన ఒక ప్రశ్న వేశారు. ఇంత పెద్ద సరాయి కట్టుకున్న ఊళ్ళో ఇప్పుడు ముసాఫిర్లు ఎక్కడ ఉంటారు? మేము చెప్పాము: నాంపల్లి స్టేషను ఎదుట 1919లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కట్టించిన సరాయి ఉన్నది, అదీ చాలా కాలం పాడుబడే ఉండింది. ఇప్పుడు లాడ్జీలు, హోటళ్ళు, గెస్టుహౌసులు. డబ్బున్నవాడికి ఏ లోటూ లేదు. లేనివాడు? ఆసుపత్రుల ముందు ఫుట్‌పాత్ మీద దుప్పటి పరుచుకున్నవాళ్ళను మనం రోజూ చూస్తాము. వాళ్ళలో సూడాన్‌వాళ్ళు ఎందరుంటారు, ఒకరో ఇద్దరో. మిగతావాళ్ళంతా మన ఆదిలాబాద్, మహబూబ్‌నగర్, కర్నూలు మనుషులే. సినిమా వేషం కోసం సంచీ భుజాన వేసుకొని కృష్ణానగర్‌లో దిగే కుర్రవాళ్ళున్నారు, ఒక గదిలో ఎనిమిది మంది పడుకుంటారు. మన జూబ్లీహిల్స్ రాళ్ళగుట్టల మీద 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరిచిన నాటినుంచి ఎంతమంది వచ్చారో. మన సంఘ సభ్యుల్లోనే చాలామంది తండ్రులు అట్లా వచ్చినవాళ్ళే. వడ్రంగులు, దర్జీలు, డ్రైవర్లు, లైట్లు మోసేవాళ్ళు. మొదటి రాత్రి ఎవరో ఒకరు వాళ్ళకు చాప పరిచి ఉంటారు, లేకపోతే మనం ఇక్కడ ఉండేవాళ్ళం కాదు.

పెద్దలు కోప్పడకుంటే ఒక మాట. మన పెళ్ళిళ్ళలో దావతులకు ఎంత ఖర్చవుతుందో అందరికీ తెలుసు. మేమూ చేశాము, మా చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పు తీరడానికి ఐదేండ్లు పట్టింది. పిలిచి పెట్టేది తెలిసినవాళ్ళకు, రేపు మనల్ని పిలిచేవాళ్ళకు. దాన్ని మెహమాన్‌నవాజీ అనుకొని సంతోషపడుతున్నాము. పేరు తెలియనివాడు, మళ్ళీ కనపడనివాడు గుమ్మంలో నిలబడితే మాకు పరీక్షల పని గుర్తొచ్చింది.

ఆ దంపతులు 2023 ఫిబ్రవరిలో వెళ్ళిపోయారు. ఆమె నడిచే విమానం ఎక్కింది, అల్‌హమ్దులిల్లాహ్. పోయే ముందు రాత్రి ఆయన మా ఇంటికి వచ్చి, మా అమ్మీ చేతికి ఆ జబనా ఇచ్చారు. వద్దన్నాము. దారిలో పగిలిపోతుంది, ఇక్కడైతే పనికివస్తుంది అన్నారు. మా అమ్మీకి ఆయన భాష రాదు, ఆయనకు ఈమె భాష రాదు. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు.

2023 ఏప్రిల్ 15న, రమజాన్ నెలలో, ఖార్తూమ్‌లో యుద్ధం మొదలైంది. నది దాటితే ఓందుర్మాన్. పత్రికలో చదివి వెంటనే ఫోను చేశాము. మోగింది, ఎత్తలేదు. తర్వాత మోగడం కూడా మానేసింది. లక్షలాది మంది ఇళ్ళు వదిలి పొరుగు దేశాలకు పోయారు. వాళ్ళలో ఉన్నారో, లేరో. ఎక్కడో ఏ ఊరి మసీదు మెట్ల మీద రెండు పెట్టెలు పెట్టుకొని, గది ఎక్కడ దొరుకుతుందని అడుగుతున్నారేమో. అడిగితే అవతలివాడు ఏం చేస్తాడు, కాగితం మీద నంబరు రాసిస్తాడా? రాత్రిళ్ళు ఇదే మాకు తోస్తుంది.

కార్యదర్శిగారు గడియారం చూస్తున్నారు. అసలు పని చెప్పి దిగిపోతాము. మన సంఘం ఆఫీసు పైన రెండు గదులున్నాయి. ఒకదాంట్లో షామియానా గుంజలు, దేగ్‌చీలు, విరిగిన కుర్చీలు. రెండోదాంట్లో ఏమున్నదో ఎవరికీ తెలియదు, తాళం వేసి ఉన్నది. ఆ రెండూ ఖాళీ చేసి, సున్నం వేయించి, నాలుగు మంచాలు, ఒక స్టవ్వు పెడితే ఆసుపత్రులకు వచ్చే బయటి ఊళ్ళవాళ్ళు మూడు రోజులు ఉండవచ్చు. ఏ మతంవాళ్ళైనా సరే. ముసాఫిరుకు అది అడగనక్కరలేదు. అద్దె వద్దు, కరెంటు, నీళ్ళ ఖర్చు మాత్రం సంఘం భరించాలి. జకాతు సొమ్ములోంచి ఎవరికి ఎంత ఖర్చు పెట్టవచ్చో మౌలానాగారినే అడిగి తేల్చుకోవాలి, అది మేము చెప్పేది కాదు. విదేశీయుడు వస్తే ఇరవై నాలుగు గంటల్లో ప్రభుత్వానికి తెలియజేయాలని నిబంధన ఉన్నది. రిజిస్టరు రాసే పని, కాగితాలు పంపే పని మేము చేస్తాము, రాతపనికి మాస్టర్లు భయపడరు. మన వడ్రంగి భాయి మంచాలు తాను చేసిస్తానన్నారు, ఈసారి ప్లైవుడ్డు కాదట. ఊడ్చే మనిషి కావాలి. మూడు రోజులు దాటినా కదలలేనివాళ్ళను ఏం చేయాలో ముందే అనుకోవాలి, అది చిక్కే. పోయిన ఏడాది ఈ మాట ఎత్తితే "ఎవరెవరో వస్తారు, మనకెందుకు తలనొప్పి" అన్నారు కొందరు. నిజమే, ఎవరెవరో వస్తారు. సరాయి అంటే అదే కదా.

జబనా మా ఇంట్లో అలమారాలో ఉన్నది. మా అమ్మీ వారానికొకసారి దుమ్ము తుడుస్తుంది, ఎవరినీ ముట్టుకోనివ్వదు. గది తెరిచిన రోజు తానే తెచ్చి పెడతానన్నది. పై గది తాళంచెవి ఎవరి దగ్గర ఉన్నదో భోజనాలకు లేచేలోపు దయచేసి చెప్పండి.